ఎండబెట్టిన నన్నారి సీసా

యోబు అంటే ఓపికకు మారుపేరని క్రైస్తవుల ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ పేరు పెట్టిన పెద్దలు పాపం ఏం ఆశించి పెట్టారో కానీ, మన యోబుకు ఓపిక ఆవగింజంత కూడా లేదు. నంద్యాల బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే డ్రైవరును దింపి తనే తోలేస్తానని లేచేవాడు. అన్నం ఉడికేలోపు నాలుగుసార్లు మూత తీసి చూసేవాడు. మూత తీస్తే ఇంకా ఆలస్యమవుతుందని భార్య జీవమ్మ చెప్పీ చెప్పీ విసిగిపోయి, చివరికి మూత మీద ఇంత బండరాయి పెట్టడం మొదలుపెట్టింది.

అలాంటి మనిషి శనివారం సాయంత్రం తాగే ఒక్క గ్లాసు కోసం మాత్రం వారమంతా తయారీలో ఉండేవాడు. ఒక్కటంటే ఒక్కటే గ్లాసు. తాగుబోతు అని ఎవరూ అనుకోవద్దు. తాగేదానికంటే కలిపేదాని మీద పిచ్చి ఉన్న మనిషి.

ఈ పిచ్చి పట్టాళంలో అంటింది. యోబు పదిహేనేళ్లు సైన్యంలో ఉన్నాడు. తుపాకి పట్టింది తక్కువ, ట్రే పట్టింది ఎక్కువ. ఆఫీసర్ల మెస్సులో బారు దగ్గర సహాయకుడు. బారును నడిపింది మంగళూరు నుంచి వచ్చిన ఒక ముసలాయన, అందరూ పెద్దాయన అనేవాళ్లు. ఏ మందులో ఏ రసం పడాలి, ఏది సీసాలో పోసి ఊపాలి, ఏది గరిటెతో మెల్లగా తిప్పాలి, అంతా యోబుకు ఆయనే నేర్పాడు. ఒక్కటి మాత్రం నేర్పలేదు. మేజరు దొరకు రోజూ ఇచ్చే గ్లాసు ఒకటుంది. రమ్ము, నిమ్మరసం, నల్ల కోలా కలిపి చేసేది. అన్నీ పోశాక పెద్దాయన ఆ గ్లాసు పట్టుకొని కిటికీ దగ్గరికి పోయేవాడు, అటు తిరిగి ఏదో వేసేవాడు, ఇటు తిరిగి వచ్చి దొరకు పంపేవాడు. ఆ వేసేదేమిటో వేశాక గ్లాసుకు ఒక కొత్త ప్రాణం వచ్చేది. దొర తాగి వదిలిన అడుగు చుక్కలు యోబు రుచి చూశాడు కనుక తెలుసు.

“అదేంది పెద్దాయనా, చెప్పు” అని యోబు రోజూ అడిగేవాడు.

“ఓపిక పట్టు, చెప్తాను. నువ్వు అడిగినప్పుడల్లా ఇంకో నెల వెనక్కి పోతుంది” అనేవాడు ఆయన.

యోబు రోజూ అడిగాడు. నెలలు అలా వెనక్కి పోతూ పోతూ పెద్దాయన పింఛను తీసుకొని మంగళూరు వెళ్లిపోయాడు. చెప్పనే లేదు.

1972లో యోబు కూడా పింఛనుతో నంద్యాల చేరాడు. ఇనుపపెట్టెలో రెండు కంబళ్లు, ఒక స్టీలు పెగ్గు గిన్నె, లోపల గుండెలో ఆ తెలియని దినుసు బాధ. కాలువల శాఖ బంగళాలో వంటమనిషిగా కుదిరాడు. నెలకోసారి కర్నూలు మిలిటరీ క్యాంటీనుకు పోయి ఒక రమ్ము సీసా తెచ్చుకునేవాడు. సీసా అయితే దొరికింది కానీ, దొరల బారులో ఉండే మిగతా హంగులు నంద్యాలలో యాడ దొరుకుతాయి? అందుకని ఉన్నవాటితోనే ప్రయోగాలు మొదలుపెట్టాడు.

ఊపడానికి మూత గట్టిగా బిగిసే పాత హార్లిక్స్ సీసా. ఐసు కావాలంటే వీధిలో గంట కొట్టుకుంటూ వచ్చే బండి దగ్గర పుల్ల ఐసు కొని గ్లాసులో దింపేవాడు. ఐసు కరిగాక పుల్ల మిగిలేది, దాంతోనే తిప్పుకునేవాడు. దొరలకు కూడా ఈ సౌకర్యం లేదని మురిసిపోయేవాడు. దొరలు చేదు కోసం రెండు చుక్కల మందేదో వేసుకునే పాతకాలపు పానకం ఒకటుంటే, యోబు బెల్లం పాకంలో రమ్ము పోసి, చేదుకు నేలవేము కషాయం వేశాడు. తాగితే మత్తు ఎక్కలేదు, ఉన్న జ్వరం మాత్రం దిగిపోయింది. కోడిగుడ్డు తెల్లసొన, పులుపు, మందు కలిపి నురగ వచ్చేలా ఊపేది ఒకటుంటే, చింతపండు రసంతో చేశాడు. వారంపాటు ఇంట్లో పచ్చసొనతోనే అట్లు వేస్తుంటే తెల్లసొన యాడికి పోతాందని జీవమ్మ నిలదీసింది. ఇంకొకటి టమాటా రసంతో చేసేది. దాని పేరులో మేరీ అని ఉంటుంది, ముందు రక్తం మాట ఉంటుంది. యోబు తల్లి పేరు మరియమ్మ. కన్నతల్లి పేరుకు ముందు ఆ మాట చేర్చలేక దానికి ‘చారు’ అని పేరు పెట్టి, నిజంగానే మిరియాల చారుతో చేశాడు. తిరగమోత తీయడం మరిచిపోయాడు. ఆవగింజ గొంతులో అడ్డంపడి అరగంట దగ్గాడు.

బేనిషాన్ సంగతి మాత్రం చెప్పకూడదు కానీ చెప్పక తప్పదు. బనగానపల్లె నుంచి వచ్చిన బంగారం లాంటి మామిడిపండును పిసికి రమ్ములో కలిపాడు. పండూ పోయింది, రమ్మూ పోయింది. ఆ ఒక్క పనికి మాత్రం అతన్ని ఎవరూ క్షమించనక్కర్లేదు.

ఇన్ని చేసినా అతని మనసంతా ఆ మేజరు గ్లాసు మీదే. కోలాకు బదులు ఏం పోయాలి? పెద్దాయన కిటికీ దగ్గర వేసిందేమిటి? జీలకర్ర వేశాడు, ఏలకులు వేశాడు, పుదీనా వేశాడు, ఉప్పు వేశాడు, ఒకసారి కోపమొచ్చి మిరపపొడి కూడా వేశాడు. ఏదీ కాదు.

మరి ఇదంతా చూస్తూ జీవమ్మ ఎలా ఊరుకుంది? ఊరుకోలేదు. జీవమ్మ మిషను బడిలో టీచరు, పైగా చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. సారా అంగడి ముందు ఆడవాళ్లను నిలబెట్టి ప్రార్థన చేయించిన మనిషి. మొగుడి పెట్టెలో పెగ్గు గిన్నె చూసిన రోజే ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడింది.

“ఒగటి ఇడిసిపెట్టు. అదా, నేనా?”

“నువ్వే. కానీ శనివారం ఒక గ్లాసు...” అని యోబు నసిగాడు.

జీవమ్మ చాలాసేపు ఆలోచించింది. ఈ మనిషి నెల జీతం తెచ్చి చేతిలో పెడతాడు, చెయ్యెత్తడు, నోరు జారడు. సారా అంగడి దగ్గర తను చూసిన మొగుళ్ల లెక్క వేరు.

“సరే. శనివారం. ఒగటే. తలుపేసుకోని. ఆ వాసన గడప దాటిందంటే మాత్రం నేను దాటిపోతా” అంది.

ఆరేళ్లు వాసన గడప దాటలేదు. యోబు పెళ్లాం మాట అంత పద్ధతిగా పాటించాడంటే భయం ఒక్కటే కాదు, ఆమె అంటే ప్రాణం. ఆమె సభలో నిలబడి మాట్లాడుతుంటే వెనక బెంచీలో కూర్చొని పక్కవాళ్లను మోచేత్తో పొడిచి “మా ఇంటామె” అని చెప్పుకునే రకం.

1978లో జీవమ్మకు ఆళ్లగడ్డ బదిలీ అయింది. యోబు బంగళా పని వదిలి వెంట వచ్చాడు. అద్దె ఇల్లు చిన్నదైనా దొడ్డివాకిలి పక్కనే గుబురుగా నిమ్మచెట్టు ఉంది. నిమ్మకాయలు కొనే పని తప్పిందని యోబు సంబరపడ్డాడు. అంతకంటే పెద్ద సంబరం బజారులో ఎదురైంది. అది భాస్కరయ్య శెట్టి సోడా అంగడి.

భాస్కరయ్య మందు ముట్టడు, మాంసం ముట్టడు, ఉల్లిపాయ కూడా శనివారం ముట్టడు. కానీ ఆయన ముక్కు ఉందే, అది మామూలు ముక్కు కాదు. గోలీసోడాలో గ్యాసు ఎంత పట్టిందో మూతి దగ్గర వాసన చూసి చెప్పేవాడు. నన్నారి వేళ్లు తెప్పించి, కాచి, వడగట్టి షర్బత్తు చేసేవాడు. ఆ షర్బత్తు మొదటిసారి తాగిన రోజు యోబు గ్లాసు కింద పెట్టి అట్లే నిలబడిపోయాడు. నల్ల కోలాకు బదులు వెతుకుతున్నది దొరికింది.

ఆ తరువాత ఇద్దరూ జతకట్టారు. యోబు చిన్న సీసాలో నమూనా తెచ్చేవాడు, భాస్కరయ్య తాగకుండా వాసన మాత్రం చూసి తీర్పు చెప్పేవాడు.

“పాకం ముదిరింది యోబన్నా. నిమ్మకాయ చాల్లేదు. నీ మందు మీద నా నన్నారి కూచ్చోలేదు, నిలబడుకోని ఉండాది.”

“కూచ్చోవాలంటే ఏం చేయల్ల శెట్టీ?”

“నాన్నియ్యి. ఓపిక పట్టు.”

ఓపిక అనేసరికి యోబుకు ఒళ్లు మండింది. దొరల దేశంలో మందును పన్నెండేళ్లు పీపాల్లో మగ్గబెడతారని మెస్సులో విన్నాడు. పన్నెండేళ్లు తనవల్ల కాదు. అప్పుడు ఊరగాయ జాడీలు చూసి అతనికి ఒక ఆలోచన తట్టింది. ఆ చల్లదేశంలో పన్నెండేళ్లు పట్టేది ఆళ్లగడ్డ ఎండలో వారంలో కాదా? మన ఎండ ముందర వాళ్ల పీపా ఎంత?

1981లో శివరాత్రి దాటి, చలి శివశివా అంటూ వెళ్లిపోయిన వారం. యోబు పెద్ద గాజుసీసాలో రమ్ము, నన్నారి, నిమ్మరసం కలిపి, మూతికి జీవమ్మ పాత తెల్లచీర ముక్క వాసెనకట్టి, ఎండలో పెట్టాడు. దొడ్డివైపు నిమ్మచెట్టు నీడ. అందుకని వీధివైపు పిట్టగోడ మీద పెట్టాడు. చూసేవాళ్లకు అది అచ్చంగా నన్నారి షర్బత్తే. రంగు అదే, సీసా మీద కాగితం కూడా భాస్కరయ్య అంగడిదే.

అయిదో రోజు శుక్రవారం. పింఛను కోసం పొద్దున్నే నంద్యాల బస్సెక్కాడు. జీవమ్మ బడికి పోయింది. సాయంత్రం తిరిగొచ్చి చూస్తే పిట్టగోడ మీద సీసా లేదు. దాని చోట ఒక జొన్నకంకి ఉంది.

యోబు పైప్రాణాలు పైనే పోయాయి.

ఎందుకో చెప్పాలి. ఆళ్లగడ్డ చర్చి సంఘంలో ఏటా కోత పండుగ చేస్తారు. పండుగకు ముందు శుక్రవారం ముగ్గురు ఆడవాళ్లు గంపలు పట్టుకొని వీధివీధీ తిరుగుతారు. దేవునికి ఇవ్వదలచింది ఇంటిముందు తెల్లగుడ్డ కప్పి పెడతారు, వచ్చినవాళ్లు ఎవరినీ పిలవరు, అడగరు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని పద్ధతి. తీసుకున్న చోట గుర్తుగా ఒక జొన్నకంకి పెట్టిపోతారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆ కానుకలన్నీ చర్చి ముందర వేలం వేస్తారు. జీవమ్మ తన కానుక ఏటా తానే చేత్తో తీసుకుపోతుంది కనుక యోబుకు ఆ శుక్రవారం గుర్తే లేదు.

తెల్లగుడ్డ తనే కట్టాడు. వీధివైపు తనే పెట్టాడు. ఇంక ఎవరిని తిట్టుకుంటాడు?

అదీకాక, వచ్చే నెల నంద్యాలలో స్త్రీల మహాసభ. తాగుడు గురించి మాట్లాడమని జీవమ్మను పిలిచారు. నెలరోజులుగా ఆమె రాత్రింబగళ్లు ఆ ప్రసంగమే రాసుకుంటోంది. ఆ సీసా కొన్నవాళ్లు వాసెన విప్పితే చాలు, ఏ గోడమీద నుంచి వచ్చిందని అడిగితే చాలు, ఆమె ముఖం ఇంక ఎత్తుకోలేదు. సారా అంగడి ముందు నిలబడిన మనిషి ఇంట్లోనే సారా అంగడి ఉందంటారు.

గంప మోసినవాళ్లలో పెద్దదైన లూదియా ఇంటికి పరుగెత్తాడు.

“లూదియమ్మా, ఆ సీసా పొరపాటున పెట్టినాను. ఎనక్కి ఇయ్యమ్మా, బదులు కోడిపుంజు ఇస్తా.”

లూదియా కొంగు సర్దుకొని అతన్ని పైనుంచి కిందికి చూసింది. “ప్రార్థన చేసి లోపల పెట్టినామన్నా. అయ్యగారు తాళమేసినాడు. దేవునికిచ్చింది ఎనక్కి అడుగుతాండావా? టీచరమ్మకు తెల్సునా నువ్వొచ్చింది?”

“తెల్దు. పోతాండా” అని యోబు వచ్చిన దారినే వెళ్లిపోయాడు. కావాలంటే ఇంక వేలంలో కొనుక్కోవాల్సిందే. శనివారం సాయంత్రం గ్లాసు ముట్టలేదు. ఏంది, ఒంట్లో బాగలేదా అని జీవమ్మ అడిగితే, బాగుంది అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం చర్చి ముందర చాపలు పరిచారు. గుమ్మడికాయలు, కోళ్లు, కందులు, పత్తి, గోంగూర కట్టలు కుప్పపోశారు. వేలం వేసేది అయ్యగారికి సాయంగా ఉండే ఉపదేశి దేవసహాయం. మనిషి జానెడు, గొంతు మాత్రం బజారు చివరికి వినిపిస్తుంది. అక్కడ పాట పాడేది జొన్నల్లో. పంట చేతికొచ్చిన కాలం కదా, శేరుకు శేరు, మూటకు మూట, అంతా జొన్నల్లోనే పలుకుతారు. చర్చివాళ్లే కాకుండా బజారువాళ్లు కూడా నలుగురైదుగురు వస్తారు. భాస్కరయ్య ఏటా గుమ్మడికాయల కోసం వచ్చి అరుగు మీద కూర్చుంటాడు.

జీవమ్మ ముందు వరుసలో స్త్రీల సమాజంతో కూర్చుంది. యోబు వెనక గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఉపదేశి గుమ్మడికాయ ఎత్తి “గుమ్మడికాయ, గుమ్మడికాయ” అంటుంటేనే యోబు భుజాలు తడుముకున్నాడు.

చివరికి సీసా పైకి లేచింది. ఎండలో ఎర్రగా మెరిసింది. ఎంత బాగా మగ్గిందో చూసి, అంత భయంలోనూ యోబుకు కొంచెం గర్వమనిపించింది. మనిషి బుద్ధి అలాంటిది.

“నన్నారి షర్బత్తు. వేసవి ముందరుండాది, ఆలోచించుకోండి. పాడండప్పా.”

“శేరు” అన్నాడు యోబు వెంటనే.

“రెండు శేర్లు” అని అరుగు మీద నుంచి వినిపించింది. భాస్కరయ్య.

ఆయన ఆ సీసాను చూడగానే గుర్తుపట్టాడు. అయ్యో, యోబన్న కొంప మునుగుతాంది, నేను కొని కాపాడతాను అనుకున్నాడు పుణ్యాత్ముడు. యోబు ఇటు నుంచి కళ్లు పెద్దవి చేసి, వద్దు అని తల ఆడిస్తే నలుగురూ చూస్తారని కన్ను గీటాడు. భాస్కరయ్య దాన్ని ఇంకా పాడమంటున్నాడని అర్థం చేసుకున్నాడు.

“మూడు.”

“నాలుగు.”

“అయిదు” అని యోబు ఈసారి రెండు కళ్లూ గీటాడు.

“ఎనిమిది” అన్నాడు భాస్కరయ్య, నీకెందుకు నేనున్నాను అన్నట్టు చెయ్యి ఊపుతూ.

అప్పటిదాకా బీడీ తాగుతూ కూర్చున్న దావీదు అనే పత్తిరైతు లేచాడు. “శెట్టి ఊరికే పాడడప్పా. తన అంగడి షర్బత్తు తనే ఇంత పెట్టి కొంటాండాడంటే దాంట్లో ఏమో ఉండాది. పది శేర్లు.”

ఉండాది, నిజమే. యోబు తేలు కుట్టిన దొంగలా గోడకు అతుక్కుపోయాడు. పదిహేను అయింది, ఇరవై అయింది, అరబస్తా దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్లలో ఒక సీసాకు అంత పాట వినని ఉపదేశికి హుషారు పట్టపగ్గాలు లేకుండా పోయింది.

“ఇంత గిరాకీ ఉండే షర్బత్తు అయ్యగారికి ఒక చెంచా రుచి చూపిచ్చి పాడదాం” అన్నాడు.

యోబు వద్దనేలోపే వాసెన విప్పారు. రాజరత్నం అయ్యగారు పెద్దవాడు, నెలరోజులుగా దగ్గుతో ప్రసంగం సగంలో ఆపుతున్నాడు. చెంచా నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. జనం చూస్తున్నారు. ఆయన కళ్లు తెరిచి, గొంతు సవరించుకొని, ఇంకో చెంచా పోయమన్నాడు.

“మంచి ఘాటుందయ్యా. గొంతు తెరుచుకుంది. ఇంత సుగంధం నేనెప్పుడూ చూడలేదు. మా ఇంటి తరఫున ఒక బస్తా” అన్నాడు.

ఆయన ఏ పాపం ఎరగడు. పుట్టి బుద్ధెరిగి మందు వాసన చూసిన మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. సాయంత్రం ఆయన ఇంటికి కమిటీవాళ్లంతా వస్తారు, తలా ఒక గ్లాసు పోస్తారు. వాళ్లలో అందరూ అయ్యగారంత అమాయకులు కారు. పైగా అయ్యగారు పాడాక ఎవరూ పాడరు, అది మర్యాద. దావీదు కూర్చున్నాడు. భాస్కరయ్య పంచె సర్దుకున్నాడు.

“ఒకటోసారి” అన్నాడు ఉపదేశి.

యోబు ముందు వరుస వైపు చూశాడు. జీవమ్మ తెల్లచీరలో నిటారుగా కూర్చొని ఉంది. ఈమె ఇరవై ఏళ్లు కూడబెట్టుకున్న పరువు నా గ్లాసులో పడి కరిగిపోతాంది, అనుకున్నాడు. ఏడుపొచ్చింది. ఇంక దాచి లాభం లేదు, లేచి చెప్పేస్తాను, తప్పు నాదే, ఆమెకు సంబంధం లేదు అని అందరి ముందర చెప్పేస్తాను అని నిర్ణయించుకున్నాడు.

“రెండోసారి.”

“అయ్యగారూ” అని యోబు చెయ్యెత్తాడు. “ఆ సీసా వచ్చి...”

“రెండు బస్తాలు.”

జీవమ్మ లేచి నిలబడింది. వెనక్కి తిరిగి మొగుణ్ని చూడలేదు. ఆమె చూపు ఉపదేశి చేతిలో వేలాడుతున్న వాసెనగుడ్డ మీద ఉంది. అంచుకు నీలంరంగు దారంతో కుట్టు వేసింది ఆమే. తన కుట్టు తనకు తెలియదా? నన్నారికి ఘాటు ఉండదనీ తెలుసు, తన మొగుడి గొంతు వణికితే ఎలా ఉంటుందో అంతకంటే బాగా తెలుసు.

జనం గుసగుసలాడారు. అయ్యగారు నవ్వాడు. “ఏమ్మా జీవమ్మా, నా దగ్గు మీద పోటీనా?”

“మీకు సాయంత్రం అల్లం కషాయం నేనే కాంచి పంపిస్తా అయ్యగారూ. ఇది మా ఇంటికి కావల్ల” అంది.

మూడోసారి అన్నారు. చప్పట్లు కొట్టారు. సెంటు భూమి లేని టీచరమ్మ దేవుని కోసం రెండు బస్తాలు ఇచ్చిందని లూదియా కళ్లు తుడుచుకుంది. వాళ్లింట్లో ఉన్నవి సరిగ్గా రెండు బస్తాలే, ఏడాది గింజలు.

జీవమ్మ సీసాను చంకన పెట్టుకొని ముందు నడిచింది. యోబు నాలుగడుగులు వెనక నడిచాడు. బజారు మలుపులో భాస్కరయ్య ఎదురొచ్చి చెవిలో, “యోబన్నా, నువ్వు కన్ను గీటితే ఇంకా పాడమంటాండావు అనుకున్యా” అన్నాడు. యోబు ఆయనకు దండం పెట్టి ముందుకు సాగాడు.

ఇంట్లోకి రాగానే జీవమ్మ తలుపు గడియపెట్టింది. సీసా బల్ల మీద పెట్టింది.

“కూచ్చో.”

కూర్చున్నాడు.

“ఏడాది పొడుగునా రేషను బియ్యమే. జొన్నరొట్టె మాట ఎత్తినావంటే చూడు.”

“ఎత్తను.”

“గడప దాటనీయద్దంటే పిట్టగోడ ఎక్కిచ్చినావు గదయ్యా.”

“ఎండకు పెట్టినా” అన్నాడు యోబు. ఆ తరువాత ఆగలేక అసలు మాట చెప్పాడు. “నీ పరువు పోతాదని సచ్చిపోయినా జీవమ్మా. లేసి అందరి ముందర చెప్పేస్తామనుకున్యా.”

“చూసినా. అందుకే నేను ముందు లేసినా.”

బయట కోడి ఒకటి అరిచింది. వేలంలో అమ్ముడుపోయిన కోడి, ఎవరింటినుంచో తప్పించుకొని వచ్చినట్టుంది.

“పోయ్” అంది జీవమ్మ.

“ఎవురికి?”

“నాకే. రెండు బస్తాలు పోసి కొనుక్కున్యా. రుచి చూడకుండా ఉంటానా? ఎందుకోసరం ఇంత పాటుపడతావో ఒగసారి నాకూ తెలియల్ల.”

యోబు పెగ్గు గిన్నెతో కొలిచి పోశాడు, గోలీసోడా కొట్టి కలిపాడు. జీవమ్మ కళ్లు మూసుకొని చిన్న ప్రార్థన చేసింది, ఎందుకైనా మంచిదని. ఒక గుక్క తాగింది. నాలుక మీద అటూ ఇటూ తిప్పింది, కూరలో ఉప్పు చూసినట్టు.

“ఇంతేనా?” అంది.

యోబు మొహం చిన్నబోయింది.

“బాగలేదని కాదు. ఏమో తక్కువైంది.”

“అదే గదా పదైదేండ్ల నుంచి ఎతుకుతాండేది. ఏం తక్కువైందో తెలియక సస్తాండా” అన్నాడు.

జీవమ్మ గ్లాసు పట్టుకొని లేచి దొడ్డివాకిలి దగ్గరికి వెళ్లింది. అటు తిరిగి నిలబడి ఏదో చేసింది. ఇటు తిరిగి వచ్చి గ్లాసు చేతికిచ్చింది. పైన నలిపిన నిమ్మాకు ఒకటి తేలుతోంది.

“రోజూ మజ్జిగలో ఏస్తా గదా. తాగేటప్పుడు చూడవా?”

యోబు తాగాడు. తాగి, అలాగే గ్లాసు పట్టుకొని కూర్చుండిపోయాడు. మెస్సు కిటికీ గుర్తొచ్చింది. కిటికీ అవతల కోసిన డ్రమ్ములో ఒక చిన్న నిమ్మచెట్టు ఉండేది. మిగిలిపోయిన సోడా అంతా పెద్దాయన దాని మొదట్లోనే పోసేవాడు. రోజూ చూశాడు. ఈ ఇంట్లో మూడేళ్లుగా ఆ చెట్టు కాయలే కోసి పిండుతున్నాడు. ఆకువైపు ఒక్కసారి చూడలేదు. నవ్వు మొదలైంది. ఎందుకు నవ్వుతున్నాడో తెలియకుండానే జీవమ్మ కూడా నవ్వింది.

ఆ ఏడంతా రేషను బియ్యమే తిన్నారు. యోబు జొన్నరొట్టె మాట ఎత్తలేదు. నంద్యాల సభలో జీవమ్మ రాసుకున్న ప్రసంగం పక్కనపెట్టి, ఇల్లు గుల్లచేసే తాగుడు గురించి తను కళ్లారా చూసింది చూసినట్టు చెప్పింది. వెనక బెంచీలో యోబు పక్కవాళ్లను మోచేత్తో పొడిచాడు. రాజరత్నం అయ్యగారికి ఏటా చలికాలం జీవమ్మ అల్లం కషాయం పంపేది. బాగుందమ్మా, కానీ ఆ ఏటి సీసా వేరే, అనేవాడాయన.

జీవమ్మ మళ్లీ ఎప్పుడూ ఆ గ్లాసు నోట పెట్టుకోలేదు. శనివారం సాయంత్రం వచ్చి ఆకు నలిపి వేసేది, అంతే. 1986లో ఒక శనివారం సమాజం పనిమీద నంద్యాల పోయి, బస్సు చెడిపోయి, గంటన్నర ఆలస్యంగా ఇల్లు చేరింది. యోబు బల్ల ముందర కూర్చొని ఉన్నాడు. పుల్ల ఐసు పూర్తిగా కరిగిపోయి గ్లాసులో పుల్ల ఒక్కటే మిగిలింది. గ్లాసు నిండుగానే ఉంది.

“ఇంకా తాగకపోయినావా?”

“ఆకు లేదు గదా.”

“చెట్టు ఆన్నే ఉండాది. కోసుకోలేకపోయినావా?”

యోబు చెట్టువైపు చూశాడు, మళ్లీ భార్యవైపు చూశాడు.

“ఓపిక పట్టినాలే” అన్నాడు.

జీవమ్మ సంచి కింద పెట్టి, చెప్పులైనా విప్పకుండా దొడ్డివైపు నడిచింది.